పెన్సిల్‌తో రాసిన పుట్టినతేదీ

"మాస్టారు పోయారండీ" అని బందరు నుంచి జెరాక్సు షాపాయన ఫోను చేసినప్పుడు, అయ్యో అనాల్సిన నోటితో నేను "ఎన్నేళ్ళుంటాయండీ ఆయనకి?" అన్నాను. షాపాయన కాసేపు ఆలోచించి, "ఏవోనండీ, డెబ్బై దాటే ఉంటాయి. ఆయనెప్పుడూ చెప్పలేదు" అన్నాడు. ఆయన చెప్పకపోవడం కాదు, మేం అడగలేదు. ఎదురుపడ్డ ప్రతి విద్యార్థినీ "పుట్టినతేదీ ఎంత?" అని నిలదీసిన మనిషిని, మీరెప్పుడు పుట్టారండీ అని మాలో ఒక్కరమూ అడిగిన పాపాన పోలేదు.

తొంభైల్లో మా వైపు కాలేజీల్లో చదివినవాళ్ళకి ఆయన తెలియకుండా ఉండరు. పొట్టి మనిషి. పొట్టి చేతుల తెల్ల చొక్కా, జేబులో మూడు పెన్సిళ్ళు, చంకలో రెక్సిన్ సంచీ. దివిసీమలో సముద్రం దగ్గర ఒక చిన్న బడికి హెడ్మాస్టరుగా చేసి రిటైరై, బందరులో కూతురింట్లో ఉండేవారు. రిటైరైనవాళ్ళు మామూలుగా గుడి కమిటీలో చేరతారు, లేదా ఇంట్లోవాళ్ళ వంటకి వంకలు పెడుతూ కాలక్షేపం చేస్తారు. ఈయన పేపర్లు కత్తిరించేవారు. జపాన్‌లో పరిశోధనకి ఉపకారవేతనం, థాయ్‌లాండ్‌లో నీటి నిర్వహణ చదువు, ఫిలిప్పీన్స్‌లో వరి మీద పని, తైవాన్‌లో భాష నేర్చుకునేవాళ్ళకి ఏడాది భత్యం, ఇలాంటి ప్రకటన పేపర్లో ఏ మూల అగ్గిపెట్టంత కనబడినా కత్తిరించి, పాత శుభలేఖల వెనక మైదా జిగురుతో అంటించేవారు. ఒక పక్క ఎవరో చిరంజీవికీ, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతికీ వివాహం. తిప్పితే రెండో పక్క కొరియా. ఆ అట్టల కట్ట సంచీలో వేసుకుని సోమవారం గుడివాడ, బుధవారం అవనిగడ్డ, తక్కిన రోజులు బందరు కాలేజీల సైకిల్ స్టాండ్ల దగ్గర నిలబడేవారు. మేం ఆయనకి ఆసియా మాస్టారని పేరు పెట్టుకున్నాం. వెనకాలే లెండి, ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది?

నేను గుడివాడ పక్క పల్లెటూరివాణ్ని. డిగ్రీలో ఉండగా నన్ను కూడా సైకిల్ స్టాండ్ దగ్గర పట్టుకున్నారు.

"ఏవయ్యా, పై చదువు ఎక్కడ?"

"అమెరికా అండీ" అన్నాను. అప్పట్లో ఆ ప్రశ్నకి ఇంకో జవాబు మా ఎవరి దగ్గరా లేదు.

"అక్కడికెళ్ళాలంటే ముందు నీ దగ్గర ఉండాలి. లేనివాడు ఎక్కడికెళ్ళాలి మరి? ఇటు చూడు" అని ఒక అట్ట తీశారు. "వీళ్ళు టిక్కెట్టు కొని పిలిచి, అన్నం పెట్టి, చదువు చెబుతారంట. మనకే అడగటానికి నోరు రాదు."

"మా నాన్న దగ్గర ఉంది లెండి" అన్నాను, కొంచెం పొగరుగానే.

"అయితే నీతో నాకు పని లేదు" అని అట్ట సంచీలో పెట్టేసి నా పక్కవాడి వైపు తిరిగారు. నలుగురిలో అలా తీసిపారేసినందుకు నాకు చాలాకాలం ఒళ్ళు మండింది.

ఆయన వాదన ఒకటే. "అక్కడా వరే, అక్కడా ఉప్పునీళ్ళే, అక్కడా గాలివానలే. మన బురద సంగతి బురద తొక్కినవాణ్ని అడగాలి గానీ, ఎప్పుడూ తొక్కనివాణ్ని అడుగుతారేవయ్యా?" ఎవరైనా ఇంగ్లీషు సరిగా రాదని నసిగితే, "పూర్వం ఘంటసాల రేవు నుంచి ఓడలెక్కి తూర్పు దేశాలకి వెళ్ళారు మనవాళ్ళు. వాళ్ళేవన్నా ఇంగ్లీషు పరీక్ష పాసయ్యారా?" అనేవారు. నవ్వేవాళ్ళం. ఆయన నవ్వేవారు కాదు.

ఫారం నింపించడంలో ఆయన చాదస్తం చూసి తీరాలి. ముందు ఫారానికి జెరాక్సు తీయించాలి. దాని మీద పెన్సిల్‌తో నింపాలి. తప్పులు దిద్దాక అసలు ఫారం మీద మళ్ళీ పెన్సిలే. దాన్ని ఒక రాత్రి నిద్రచేయించి, పొద్దున్న చూసుకుని, అప్పుడు ఇంకు. "ఇంకుతో రాసింది ఇంక నీది కాదు" అనేవారు. అన్నిటికంటే ముందు అడిగేది పుట్టినతేదీ. పేరు కూడా ఆ తర్వాతే. "మార్కులు తక్కువైతే బతిమాలొచ్చు. వయసు దాటితే ఎవరి కాళ్ళు పట్టుకున్నా లాభం లేదు" అని, తేదీ చెప్పగానే కళ్ళు మూసుకుని వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టేవారు.

దివిసీమ పిల్లలు వస్తే మాత్రం ఒక తమాషా జరిగేది. కోడూరు, నాగాయలంక వైపు నుంచి వచ్చినవాళ్ళలో చాలామంది జూలై ఒకటి అని చెప్పేవాళ్ళు. ఒకసారి నేను ఉండబట్టలేక, "మాస్టారూ, ఆ పక్క అమ్మలందరూ కూడబలుక్కుని ఒకే రోజున కన్నారా ఏంటండీ?" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టి చాలాసేపు తుడిచారు. నా హాస్యం పేలిందని సంతోషపడ్డాను ఆ రోజు.

ఏళ్ళు గడిచాయి. ఎమ్మెస్సీ జువాలజీ చేశాను. గ్రూపు పరీక్షలు రాశాను, తప్పాను, మళ్ళీ రాశాను. మాకున్న రొయ్యల చెరువులు తెల్లమచ్చ జబ్బొచ్చి తుడిచిపెట్టుకుపోయాక నా పొగరు కూడా కాస్త దిగింది. గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఒక సోమవారం నేనే సైకిల్ స్టాండ్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నన్ను గుర్తుపట్టారు. "ఇప్పుడు మీ నాన్న దగ్గర లేదా?" అని మాత్రం అనలేదు. ఆ మంచితనం నాకు అప్పటికంటే ఇప్పుడు ఎక్కువ గుచ్చుకుంటుంది.

జపాన్‌లో ఒక విశ్వవిద్యాలయం ఉప్పునీటి జీవాల మీద పరిశోధన చేసేవాళ్ళకి వేతనం ఇస్తోంది. మన ప్రాంతం నుంచి తీసుకునేది ఒక్కరినే. వయసు ముప్పై దాటకూడదు. బందరులో మాస్టారి అరుగు మీద ఒక ఆదివారం ఆ ఫారం నింపడానికి ఇద్దరం కూర్చున్నాం. నేనొకణ్ని. రెండో మనిషి నాంచారమ్మ. పాలకాయతిప్ప అమ్మాయి. దివిసీమ ఉప్పెనలో ఇంటిల్లిపాదీ పోతే నాయనమ్మ, తనూ మిగిలారట. మాస్టారి బళ్ళో మొదలుపెట్టి, హాస్టళ్ళలో ఉండి చదువుకుంది. రొయ్య పిల్లల హేచరీలో పనిచేస్తూ, సెలవు దొరికినప్పుడల్లా మడ అడవిలో బురదలోకి దిగి పీతల మీద నోట్సు రాసుకునేది. ఆ నోట్సు నేను చూశాను. ఏ పీత ఏ పోటుకి కన్నంలోంచి బయటికొస్తుందో తారీఖులతో సహా ఉంది. అది చూశాక, నేను పేపర్లు చూసి అల్లిన నా ప్రతిపాదన తీసి దాచుకోవాలనిపించింది.

"నీ తేదీ?" అన్నారు మాస్టారు నాతో. చెప్పాను.

"అసలుదేనా?"

"సర్టిఫికెట్లో అదే ఉందండీ" అన్నాను.

కళ్ళజోడు మీంచి ఒక్క క్షణం చూసి రాసుకున్నారు. అసలుది కాదు. నన్ను బళ్ళో వేసేటప్పుడే మా నాన్న రెండేళ్ళు తగ్గించి రాయించాడు. ముందుచూపున్న ప్రతి ఇంట్లో జరిగే పనే అది. గవర్నమెంటు ఉద్యోగం వస్తే రెండేళ్ళు ఎక్కువ చేసుకోవచ్చని. నిజం వయసు రాస్తే ఆ ఫారం నింపడానికి నేను పనికిరాను.

నాంచారమ్మ తేదీ ఆయన అడగలేదు. ఆమె చేతిలోంచి పెన్సిల్ తీసుకుని ఆ గడి ఆయనే నింపారు.

"అదేంటండీ మాస్టారూ, అక్టోబరు రాశారు? నాది జూలై ఒకటి కదా?"

"అది నేను రాసింది. ఇది మీ నాయనమ్మ చెప్పింది" అన్నారు. ఆయన చెప్పిన మాటకి ఎదురు అడిగే అలవాటు ఆ అమ్మాయికి చిన్నప్పటినుంచీ లేదు. పక్కనే కూర్చున్న నాకూ పట్టలేదు.

మూడు నెలలకి ఉత్తరాలొచ్చాయి. ఎంపికైంది నాంచారమ్మ. వరసలో రెండో మనిషిని నేను. ఆ రోజు మాస్టారు అరుగు మీద ఒక చోట కుదురుగా కూర్చోలేకపోయారు. కూతుర్ని పిలిచి బెల్లం తెప్పించి మా అందరి నోళ్ళలో పెట్టారు. నాకూ పెట్టారు, నేనూ తిన్నాను.

ఇక సర్టిఫికెట్ల నకళ్ళు పంపాలి. పదో తరగతి సర్టిఫికెట్‌తో పాటు, వయసు తేడాకి కారణం చెబుతూ మాస్టారు స్వయంగా ఒక ఉత్తరం రాసి కలిపారు. హెడ్మాస్టరు రాసి సంతకం పెడితే ఏ ఆఫీసైనా నమ్మిన రోజులు ఆయనవి. జవాబు రెండు పేరాల్లో వచ్చింది. దరఖాస్తులో తేదీకీ ధ్రువపత్రంలో తేదీకీ పొంతన లేదు. ధ్రువపత్రం ప్రకారం అభ్యర్థికి ముప్పై దాటింది. నెలరోజుల్లో ప్రభుత్వం దిద్దిచ్చిన పత్రం పంపకపోతే రెండో అభ్యర్థిని పిలుస్తాం. ఆ చివరి ముక్క నకలు నాకూ వచ్చింది.

ఆ మధ్యాహ్నం మాస్టారు నాకు చెప్పిన సంగతి ఆయన మాటల్లోనే రాస్తాను.

"ఉప్పెన తర్వాత పిల్లల్ని ఒక షెడ్డులో పెట్టి అన్నం పెట్టేవాళ్ళు. ఆ తర్వాత హాస్టలు పెట్టారు. అయిదేళ్ళు నిండితేనే హాస్టల్లో చేర్చుకోవాలని రూలు. చిన్నవాళ్ళని వాళ్ళ వాళ్ళకి అప్పగించమన్నారు. వాళ్ళ వాళ్ళు ఎవరయ్యా? ఉంటేగా! ఈ పిల్ల నాయనమ్మ నా దగ్గరికొచ్చి, మొన్న అట్లతద్దికి మూడేళ్ళు నిండాయి బాబూ, నాకే గంజి లేదు, దీన్ని చంపుకోలేను అంది. రిజిస్టరు నా చేతిలో ఉంది. ఎవరికి ఎన్నేళ్ళు తక్కువైతే అన్నేళ్ళు కలిపి, అందరికీ జూలై ఒకటి వేశాను. ఆఫీసరు వచ్చి ఈ పిల్లని చూసి, ఇది అయిదేళ్ళదా అన్నాడు. తిండి లేక ఎదగలేదండీ అన్నాను. నా చిటికెన వేలు పట్టుకుని నిలబడుంది అప్పుడు."

"మరి ఫారంలో..." అన్నాను.

"జూలై ఒకటి వేస్తే మొదటి మెట్టు మీదే ఆగిపోద్ది. పంచాంగం తిరగేసి ఆ ఏడు అట్లతద్ది ఎప్పుడొచ్చిందో చూసి వేశాను. ఒక్కసారన్నా ఆ పిల్ల నిజం వయసుతో నడవాలనిపించిందయ్యా. సర్టిఫికెట్ దిద్దించొచ్చులే అనుకున్నాను. ప్రతి ఫారమూ నాలుగుసార్లు చూసేవాణ్ని. దీన్ని మాత్రం చూడలేకపోయాను."

మనసులో ఇంకో లెక్క వేసుకున్నాను. అట్లతద్ది లెక్కన నాంచారమ్మ నాకంటే ఏడాది చిన్నది. కాగితాల ప్రకారం మూడేళ్ళు పెద్దది. ఇద్దరివీ దొంగ తేదీలే. ఆమెకి అన్నం కోసం పెంచారు, నాకు పెన్షను కోసం తగ్గించారు. పెంచినది అడ్డం పడింది. తగ్గించినది పనికొచ్చింది.

మర్నాడు ఆయన్ని నా స్కూటరు మీద విద్యాశాఖ ఆఫీసుకి తీసుకెళ్ళాను. రిజిస్టర్లో తప్పు తేదీ వేసింది తనేననీ, ఏ శిక్షకైనా సిద్ధమేననీ స్టాంపు కాగితం మీద రాసుకొచ్చారు. ఇంకుతోనే రాశారు. అక్కడి గుమాస్తా మర్యాదస్థుడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, కాగితం మొత్తం చదివాడు.

"మాస్టారూ, మీరు నాకు కూడా గురువుగారి లెక్కే. ఒక్కమాట అడుగుతాను. అదే పేజీలో ఇంకెంతమంది ఉన్నారండీ?"

"ఇంకా పంతొమ్మిది మంది."

"వాళ్ళిప్పుడు ఏం చేస్తున్నారు?"

మాస్టారు అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని వేళ్ళు మడవడం మొదలుపెట్టారు. "ఒకడు బస్సు కండక్టరు. ఇద్దరు కానిస్టేబుళ్ళు. ఒకమ్మాయి అంగన్‌వాడీ టీచరు. లాకుల దగ్గర తలుపులెత్తే లస్కరు ఒకడు..." అక్కడ ఆగిపోయారు.

"అందరిదీ జూలై ఒకటేనా?"

"అందరిదీ అదే."

"మీరు సంతకం పెట్టి ఈ కాగితం నాకిస్తే నేను పైకి పంపాల్సిందేనండీ. పైవాళ్ళు ఆ పేజీ అంతా తిరగదోడమంటారు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి నోటీసులెళ్తాయి. ఈ అమ్మాయి తేదీ నెలలో మారుతుందా అంటే, అదీ చెప్పలేను. మీ ఇష్టం, ఇమ్మంటే తీసుకుంటాను."

పక్క బల్ల మీద నేను కూర్చుని ఉన్నాను. రెండో అభ్యర్థి అన్న ఉత్తరం నా జేబులో ఉంది. ఆ కాగితం ఆయన ఇవ్వకుండా ఉంటే బాగుండునని మనసులో మొక్కుకున్నాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. ఇది రాయకుండా మాస్టారి గురించి ఎంత గొప్పగా రాసినా దండగ.

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో, పెన్సిళ్ళ పక్కన పెట్టుకున్నారు.

నాంచారమ్మకి సంగతి అరుగు మీదే చెప్పారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక మొదట హేచరీ సంగతులడిగారు. తర్వాత చెప్పేశారు. ఆమె అంతా విని, రెక్సిన్ సంచీలోంచి తన ఫారం జెరాక్సు తీసుకుంది. రబ్బరుతో అక్టోబరు తేదీ శుభ్రంగా తుడిచింది. అక్కడ జూలై ఒకటి అని రాసి ఆయన ముందు పెట్టింది.

"ఇదే ఉంచండి మాస్టారూ. మా కండక్టరు బావకి ఇద్దరు ఆడపిల్లలు" అంది. తర్వాత కోడూరు బస్సు టైమైందని లేచి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులాగి నేను ఆయన దగ్గరికెళ్ళాను. ఎలాగైనా చెప్పేయాలనే వెళ్ళాను. "మాస్టారూ, నిజానికి నా తేదీ కూడా..." అన్నానో లేదో, చెయ్యి అడ్డం పెట్టారు.

"చెప్పకు. చెబితే ఇంకో కాగితం నా చేతిలో ఆగిపోద్ది. ఒక్కళ్ళన్నా వెళ్ళండయ్యా" అన్నారు. ఆ తర్వాత నా కాగితాలన్నీ ఎప్పటిలాగే నాలుగేసిసార్లు చూశారు. నేను వెళ్ళాను. రొయ్యల జబ్బు మీద నాలుగేళ్ళు పనిచేసి, పేరు ముందు రెండక్షరాలు తగిలించుకుని తిరిగొచ్చాను.

తర్వాత కూడా ఆయన ప్రకటనలు కత్తిరించేవారనీ, సైకిల్ స్టాండ్ల దగ్గరికి వెళ్ళేవారనీ జెరాక్సు షాపాయన చెప్పాడు. ఫారం మాత్రం ముట్టుకునేవారు కాదట. ఎవరైనా ఇస్తే, "మీరే రాసుకోండి, నా చెయ్యి మంచిది కాదు" అనేవారట. ఎన్నో చేతులకి పెన్సిల్ పట్టించిన మనిషి అన్న మాట అది.

పదకొండో రోజున బందరు వెళ్ళాను. అరుగు మీద మడతకుర్చీలు వేశారు. రెక్సిన్ సంచీ లోపల గోడకి మేకు మీద వేలాడుతోంది. భోజనాలయ్యాక నేను చెయ్యి కడుక్కుంటుంటే వెనక నుంచి ఎవరో చెంబుతో నీళ్ళందించారు. నాంచారమ్మ. కణతల దగ్గర జుట్టు నెరిసింది. హేచరీ మూసేశారట. కోడూరులో ఒక ప్రైవేటు బళ్ళో సైన్సు చెబుతోందట.

"పీతల నోట్సు ఉందా అండీ?" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"ఉందండీ. పిల్లలకి చూపిస్తుంటాను" అని, "మాస్టారు పోయేముందు నన్ను పిలిపించారండీ. చెయ్యి పట్టుకుని, నీకు అన్యాయం చేశానమ్మా అని ఏడ్చారు. అట్టా అనకండి మాస్టారూ, ఆ రోజు మీరు అయిదేళ్ళని రాయకపోతే నాకు ముప్పై ఎక్కడినుంచి వచ్చేయి అన్నాను. విన్నారో లేదో తెలీదు" అంది.

ఆమే మళ్ళీ అంది. "మీరన్నా వెళ్ళొచ్చారు, ఆయనకదొక్కటే తృప్తి. అందరికీ చెప్పుకునేవారు. ఆ రోజు ఈ అరుగు మీదే మీ ఫారంలో తేదీ చూశాను లెండి. సర్టిఫికెట్ లెక్కన చూసినా, మా నాయనమ్మ లెక్కన చూసినా మీరు నాకంటే చిన్నవాళ్ళే. గారూ గీరూ అని పిలవటం నాకు నోరు తిరగట్లేదు. తమ్ముడూ అంటే ఏవీ అనుకోరుగా?"

అరుగు మీద ఇద్దరమే ఉన్నాం. మాస్టారు లేరు, చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఒక్క ముక్క చెబితే సరిపోయేది. రోడ్డు మీద కోడూరు బస్సు హారన్ కొట్టింది. ఆమె చెంబు గట్టు మీద పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుంది.

"వెళ్ళొస్తాను తమ్ముడూ."

"మంచిదక్కా" అన్నాను.